బదులు పిల్లలు

సాయమ్మ ఎవరికీ జడిసే మనిషి కాదు. అత్తకు జడవలేదు, పోలీసులకు జడవలేదు, పల్లిచేలో గొర్రెలు పడ్డాయని కర్రలెత్తుకొచ్చిన తండావాళ్లకూ జడవలేదు. ఆమె జడిసేది లోకంలో ఒక్క హైవేకే. సూర్యాపేట మీదుగా విజయవాడ పోయే ఆ రోడ్డు మీద పోయిన వానాకాలం ఒక లారీ వాళ్ల గొర్రెల మందలోంచి దూసుకుపోయింది. ఆమె మొగుడు బీరన్న రోడ్డు పక్కన కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. లారీ మాత్రం వెనక్కి కూడా చూడకుండా కోదాడ దిక్కు వెళ్లిపోయింది.

అందుకే ఆ రోజు నాగరాణి టీచరు చెప్పిన కబురు సాయమ్మను జడిపించింది.

"పెద్దమ్మా, తక్కువ పిల్లలున్న బడుల లెక్క తీస్తున్నారంట. ఇరవై మంది లేకపోతే మన బడి మూసేసి, పిల్లల్ని పెద్ద బడిలో కలిపేస్తారంట" అంది నాగరాణి. ఆమెది కోదాడ. రోజూ బస్సులు మారి వచ్చి పోతుంది. మొత్తం బడికి ఆమె ఒక్కతే టీచరు.

"ఏ పెద్ద బడి?"

"హైవే అవతలిది."

చివ్వెంల దాటాక, హైవేకు ఇవతలి పక్కన ఉంది సాయమ్మ వాళ్ల గొల్లగూడెం. గూడెం బడిలో పిల్లలు పదకొండు మంది. అందులో ఒకతి సాయమ్మ మనుమరాలు నిత్య. కొడుకు సంతోష్ సూర్యాపేటలో ఆటో నడుపుతాడు, కోడలు నేరేడుచర్ల మిల్లులో పనికి పోతుంది. పొద్దంతా నిత్య బాధ్యత సాయమ్మదే. ఎనిమిదేళ్ల పిల్ల. సీతాకోకచిలుక కనిపిస్తే దాని వెంట పోయే పిల్ల. ఆ పిల్ల పుస్తకాల సంచి తగిలించుకుని రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటడాన్ని సాయమ్మ ఊహించుకోబోయి, ఊహించుకోలేక ఆగిపోయింది.

పైగా ఆ బడి కమిటీకి సాయమ్మే చైర్మన్. కమిటీని ఎన్నుకున్న రోజు మీటింగుకు వచ్చింది ఆమె ఒక్కతే. మధ్యాహ్న భోజనంలో గుడ్లు చిన్నగా వస్తున్నాయని పోట్లాడటానికి వచ్చి, చైర్మన్ అయి ఇంటికి పోయింది.

ఇదంతా పార్లమెంటు ఎన్నికల ముందు, ఒంటిపూట బడుల కాలంలో. ఆ ఎన్నికల్లో దేశంలోని పార్టీలన్నిటికీ ఒక్కసారే చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గొడుగు గుర్తు పార్టీ గెలిస్తే ఊరికొక డిజిటల్ క్లాసు. బీరువా గుర్తు పార్టీ గెలిస్తే ప్రతి పిల్లకూ ఒక ట్యాబు. బక్కెట్ గుర్తు పార్టీ గెలిస్తే మండలానికొక ఇంటర్నేషనల్ స్కూలు, అదీ విమానం ఆకారంలో. మూడు పార్టీల కాగితాలూ గూడెంలో ఇంటింటికీ వచ్చాయి. మూడింటి మీదా రెండు జడలు వేసుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒకే పిల్ల బొమ్మ ఉంది. ఏ ఊరి పిల్లో, ఏ కంప్యూటర్‌లోంచి దింపుకున్నారో గానీ, పాపం మూడు పార్టీలకూ ఒకేలా నవ్వింది. గూడెం బడిలో చాక్‌పీసులు అయిపోయి, ఒక్క ముక్కతోనే నెట్టుకొస్తూ చాలా రోజులైంది. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

"లెక్కకు మంది తక్కువైతే బదులు తెచ్చుకుంటం గద" అన్నాడు బీరన్న, అన్నం ముందు కూర్చుని. అదేమంత పెద్ద సంగతా అన్నట్టు అన్నాడు.

అది గూడెంలో తాతలనాటి పద్ధతి. బ్యాంకువాళ్లు గానీ, పశువుల ఆఫీసువాళ్లు గానీ మంద చూడటానికి వస్తే, తక్కువున్నవాడు పక్కవాడి దగ్గర గొర్రెలు బదులు తెచ్చుకుంటాడు. ఇవాళ నీవి నాకు, రేపు నావి నీకు. నాట్లకు మనుషులు బదులు పోయినట్టే. బదులొచ్చిన గొర్రెల మెడ మీద రంగు పూస్తారు. లెక్క అయిపోయాక రంగున్నవి అటు, రంగు లేనివి ఇటు. ఇన్నేళ్లలో ఒక్క గొర్రె కూడా తప్పిపోలేదు.

"పిల్లల్ని ఎవడిస్తడయ్యా బదులు?"

"తండల లేరా పిల్లలు? వాళ్ల బడిగ్గూడ గదే కత."

సాయమ్మ చేతిలో గరిటె ఆగింది. గూడేనికీ తండాకూ మధ్య ఒక్క పొలం గట్టే దూరం. పడేది మాత్రం కాదు. వెనకటికి ఒక ఎలక్షన్లో రెండు ఊళ్లకూ కలిపి ఒక బడి ఇస్తామంటే, గొర్రెలూ పల్లిచేలూ ముందేసుకుని ఇక్కడంటే ఇక్కడని కొట్టుకున్నారు. ఒక్క బడి ఇస్తే ఒక్క ఊరి ఓట్లే పడతాయని ఆనాటి నాయకుడికి లెక్క తెలుసు. రెండు బడులిచ్చాడు. దాన్నే ఆ రోజుల్లో విద్యా విధానం అన్నారు. ఇప్పుడు రెండు బడుల్లోనూ పిల్లలకంటే గోడల మీది నాయకుల బొమ్మలే ఎక్కువ.

మరునాడు సాయమ్మ సిగ్గూ ఎగ్గూ పక్కన పెట్టి గట్టు దాటింది. తండా బడి కమిటీ చూసుకునే దీప్లా ఆమెను చూసి ముందు కర్ర కోసం వెతికాడు, తర్వాత కుర్చీ వేశాడు. సంగతి విని చాలాసేపు నవ్వాడు.

"మా పిల్లలు పన్నెండు మంది. పంపుత గని అక్కా, మీ లెక్కయిన తెల్లారే మా బడి లెక్క. మీ పిల్లలు అందరు రావాలె."

"మాట మాటే. వస్తరు."

"కలిసిపోయి ఒక్కరు తక్కువైతే మా ఆడోళ్లు నన్ను బతకనియ్యరు."

"రంగేసి లెక్కబెట్టి పంపుత తీ. మా ఆయనకు మందల లెక్క నేర్పాల్నా?"

చాయ్ తాగి ఒప్పందం చేసుకున్నారు. ఇక మిగిలింది నాగరాణి టీచరు. ఆమె విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"తప్పు కదా పెద్దమ్మా? సార్‌కి తెలిస్తే నా ఉద్యోగం ఏమైపోతుందో!"

"తప్పే బిడ్డా. పిల్లలు లారీల నడుమ ఉరుకుడు ఒప్పా మరి?"

నాగరాణి లేచింది. "నేనేమీ చూడలేదు, నాకేమీ తెలీదు" అని బోర్డు వైపు తిరిగి తేదీ రాయడం మొదలుపెట్టింది. మిగిలిన చాక్‌పీసు ముక్క అరిగిపోయేదాకా ఆ తేదీనే దిద్దింది.

లెక్క రోజు పొద్దున్నే తండా పిల్లలు ట్రాక్టరు ట్రాలీలో దిగారు. బీరన్న వాళ్లను గోడ వెంబడి నిలబెట్టి, అంగీ కాలరు వెనక భాగాన తలా ఒక నీలిరంగు పట్టీ గీశాడు. గొర్రెలకు పూసే రంగే. పోయిన పండక్కి కొన్న డబ్బాలో అదే మిగిలింది. గూడెం పిల్లలు తమకూ వెయ్యమని గోల పెట్టారు.

"మీకెందుకురా? మీరు ఇంటివాళ్లు" అని కసిరాడు బీరన్న. నిత్య మూతి ముడుచుకుని చాలాసేపు ఆ డబ్బా దగ్గరే నిలబడింది.

ముఖేష్ సారు బైకు మీద వచ్చాడు. విద్యాశాఖలో పనిచేసే మనిషి. ఎన్నికలు కాబట్టి ఆయన్ను కోడ్ ఉల్లంఘనలు పట్టుకునే స్క్వాడ్‌లో కూడా వేశారు. మెడలో రెండు ఐడీ కార్డులు వేలాడుతున్నాయి. పొద్దున బడులు లెక్కపెట్టడం, ఎండలో ఫ్లెక్సీలు పీకించడం. మనిషి వడిలిపోయి ఉన్నాడు. పిల్లల్ని చూడగానే మాత్రం మొహం విప్పారింది.

"అరే, ఇరవై మూడు మందా! పోయినసారి పదకొండే గద?"

"పోయినసారి జెరాలొచ్చినయ్ సారూ" అంది సాయమ్మ.

ముఖేష్ సారు ముందు వరసలో ఉన్న తండా పిల్లాడి గడ్డం పట్టుకున్నాడు. "మీ టీచరు పేరేంది బాబూ?"

పిల్లాడు నాగరాణిని ఎగాదిగా చూశాడు. "మేడం."

"మేడం పేరేంది?"

"మేడమే సార్."

సారు నవ్వేసి కాగితం మీద పెన్ను పెట్టాడు. సాయమ్మ ఆ పెన్ను వైపే చూసింది. ఇరవై మూడు అని రాసి సంతకం పెడితే చాలు, నిత్య రోడ్డు దాటక్కర్లేదు. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఒక తెల్ల కారు ఆగి హారన్ కొట్టింది.

దిగినవాడు మిర్యాలగూడ రైసుమిల్లు నర్సింగరావు. గొడుగు పార్టీ విద్యా విభాగం కన్వీనరు. ధాన్యం విభాగం అడిగాడట గానీ, పార్టీలో ధాన్యం విభాగం లేక విద్యా విభాగం ఇచ్చారు. ఆయన మనుమడు రితేష్ చదివే బడిలో క్లాసుకు రెండు ఏసీలుంటాయి. గవర్నమెంటు బడిని ఇంత దగ్గర్నుంచి చూడటం ఆయనకు ఇదే మొదలు. మండుటెండలో పార్టీ గుర్తు గొడుగు విప్పి పట్టుకుని, గేటు బయటే నిలబడ్డాడు.

"కోడ్ ఉన్నది, నేను లోపలికి రాను. పిల్లలే గేటు కాడికి వస్తరు" అన్నాడు గొప్ప నిజాయితీగా.

పిలవకముందే పిల్లలు ఉరికారు. కారు చూస్తే ఉరకని పిల్లలెవరు? నర్సింగరావు ఒక్కొక్కడి బుగ్గ పట్టి, నమూనా వడ్లు నలిపి చూసినట్టు వేళ్ల మధ్య నలిపాడు. అప్పుడు ఆయన కంట పడ్డాయి నీలిరంగు కాలర్లు. గొడుగు పార్టీ జెండా నీలం. ఆయన కళ్లు చెమర్చాయి.

"సాయమ్మా! ఇంత అభిమానమా తల్లీ! మాకు జెప్పకుండనే మా రంగు పూయించినవా!"

"అయ్యో, గది గాదు దొరా..." అని సాయమ్మ నోరు తెరిచేలోపే డ్రైవరు సెల్లు తీసి వీడియో మొదలుపెట్టాడు. నర్సింగరావు గొడుగును ఇంకాస్త పైకెత్తి, ఊరికొక డిజిటల్ క్లాసు గురించి మాట్లాడాడు. ప్రతి వాక్యం చివరా పిల్లలు జై కొట్టారు. దేనికి జై కొట్టాలో తెలియని చిన్నోడొకడు బీరన్నకు జై కొట్టాడు. వీడియో పార్టీ గ్రూపులోకి ఎక్కింది. పార్టీ గ్రూపులో ఉన్నవాళ్లలో సగం మంది బక్కెట్ పార్టీ గ్రూపులోనూ ఉంటారు. కాసేపటికే బక్కెట్ పార్టీవాళ్లు ఫిర్యాదు పెట్టేశారు.

ముఖేష్ సారు ఫోను మోగింది. "ఆ, సార్. పిల్లలకు పార్టీ రంగులా? ఎంత అన్యాలం సార్! ఇప్పుడే పోత. లొకేషన్ పంపండి." లొకేషన్ వచ్చింది. తెరిచి చూస్తే, తానున్న చోటూ పోవలసిన చోటూ ఒక్కటే. ముఖేష్ సారు తలెత్తి పిల్లల కాలర్లు చూశాడు. విద్యాశాఖ కార్డు వెనక్కి తిప్పుకుని, స్క్వాడ్ కార్డు ముందుకు తెచ్చుకున్నాడు.

"ఈ రంగు ఎవరు పూసిన్రు?"

"మాది గాదు సారూ" అన్నాడు నర్సింగరావు చప్పున గొడుగు ముడిచి. "మాది ముదురు నీలం. ఇది లేత నీలం."

బీరన్నకు పౌరుషం వచ్చింది. "పార్టీ రంగేంది సారూ? గొర్రెల రంగది. డబ్బా తెస్త సూడు!" అని ఉరికిపోయి డబ్బా తెచ్చి అందరి ముందూ పెట్టాడు. మూత మీద గొర్రె ఊలు కూడా అంటుకుని ఉంది.

"సరే, గొర్రెల రంగే. పిల్లలకెందుకు పూసినవ్?"

బీరన్న పెళ్లాం వైపు చూశాడు.

ముఖేష్ సారు కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నిజానికి మంచివాడు, పరేషాన్ అయ్యాడు. "సూడు సాయమ్మా, ఇరవై మూడు మంది మీ బడి పిల్లలే అని రాస్తే, మీ పిల్లలకే పార్టీ రంగు పూసినట్టు లెక్క. అట్లయితే టీచరమ్మ సస్పెండ్ అయితది. నేను జేసేదేం లేదు. వీడియో జిల్లా అంత తిరుగుతున్నది."

నాగరాణి మొహం తెల్లబోయింది. కోదాడలో ఆమె ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. అయినా సాయమ్మ వైపు చూడలేదు, బోర్డు మీద తేదీ వైపే చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం సాయమ్మ చూడలేకపోయింది. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఊరుకుంటే బడి దక్కుతుంది. కానీ ఆ టీచరు పిల్ల రోజూ రెండు బస్సులు మారి వచ్చి తన మనుమరాలికి అక్షరాలు దిద్దించింది. ఆమె బతుకు బుగ్గి చేసి బడి దక్కించుకుంటే అది బడేనా? సాయమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"టీచరమ్మకు ఏం ఎరికలేదు సారూ. రంగు పిల్లలు మా పిల్లలు గారు. తండ పిల్లలు. లెక్క కోసమని బదులు తెచ్చిన. మా ఆయన గొర్రెల లెక్కన గుర్తు వెట్టిండు. తప్పు నాది."

గేటు దగ్గర నర్సింగరావుకు ప్రాణం లేచొచ్చింది. "ఎంత మోసం! గవర్నమెంటు లెక్కకు కిరాయి పిల్లలా? విద్యా వ్యవస్థను గిట్లనే..."

సాయమ్మ గిరుక్కున తిరిగింది. గోడకు అంటించిన మూడు పార్టీల కాగితాలనూ పర్రున పీకి ఆయన మొహం ముందు పెట్టింది. "దొరా, గీ నవ్వే పిల్ల ఏ బడి పిల్ల? గొడుగోళ్లకు గీమెనే, బీరువోళ్లకు గీమెనే, బక్కెటోళ్లకు గీమెనే! మొన్న సూర్యాపేట మీటింగుకు మా గూడెమోళ్లను లారీలెక్కిచ్చుకపోయినవ్. బిర్యాని పొట్లాలిచ్చినవ్. ఆ తెల్లారి బీరువోళ్ల మీటింగుకు గూడ వాళ్లే పోయిన్రు. మీరు మనుషులను బదులు తెచ్చుకుంటె పాలసి, మేం తెచ్చుకుంటె మోసమా?"

నర్సింగరావు గొడుగు విప్పబోయి, ఎందుకో మానుకుని, కారెక్కాడు. డ్రైవరు ఇదంతా కూడా వీడియో తీస్తూనే ఉన్నాడని ఆయనకు నేరేడుచర్ల దాటాక గానీ తెలియలేదట. అప్పటికే అది గ్రూపులోకి ఎక్కింది.

ముఖేష్ సారు ముఖం దాచుకుని నవ్వుకున్నాడు. కానీ కాగితం మీద మాత్రం పదకొండు అని రాశాడు. రాయక తప్పదు. "సెలవులయినంక కలిపేస్తరమ్మా. నా చేతుల లేదు" అని బైకెక్కాడు. సాయమ్మ బడి మెట్ల మీద కూలబడింది. నాగరాణి వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

భోజనాలయ్యాక బీరన్న రంగున్న పిల్లల్ని ట్రాలీ ఎక్కించి పంపేశాడు. రంగు లేని పిల్లలు ఇళ్లకు పోయారు. ఆ రోజు పనులు చేసుకోవడానికి కూడా సాయమ్మకు చేతులు రాలేదు. కాసేపటికి తేరుకుని నిత్యకు నీళ్లు పోద్దామని పిలిస్తే పలకలేదు. ఇంట్లో లేదు. గొర్రెల దొడ్లో లేదు. పక్కిళ్లలో లేదు.

సాయమ్మ చెప్పులు లేకుండా హైవే వైపు పరుగెత్తింది. లోపల ఎన్ని నెలలుగానో ఉన్న భయం ఆమెను అటే లాక్కుపోయింది. రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి దడదడమని పోతున్నాయి. "నిత్యా!" అని అరిస్తే ఆ చప్పుడులో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. రోడ్డు వారన ఏదో ఎర్రటి గుడ్డ కనిపిస్తే ఉరికి పట్టుకుంది. చూస్తే చిరిగిన ఫ్లెక్సీ ముక్క. వెనకే బీరన్న రొప్పుకుంటూ వచ్చి సెల్లు ఆమె చెవికి ఆనించాడు.

"అక్కా, దీప్లాను. మీ ఆయన లెక్క తప్పిండు. మా కాడికి ఒకటి ఎక్కువొచ్చింది."

తండాలో నిత్య ఇంకో పిల్లతో కలిసి అరుగు మీద కూర్చుని జామకాయ తింటోంది. ఫ్రాకు కాలరు వెనక, చెవి వెనక, ఒక జడ చివర అంతా నీలిరంగు. సాయమ్మ పోయి వీపు మీద ఒక్కటి వేసి, వెంటనే కౌగిలించుకుని భోరుమంది.

"ఎవలు పూసిన్రే నీకు?"

"నేనే పూసుకున్న. రంగుంటెనే ట్రాక్టరెక్కనిస్తున్నరు" అంది నిత్య ఏమంత తప్పు చేశానన్నట్టు. "గీడ మస్తు మందున్నరు నానమ్మా. కబడ్డీకి రెండు జట్లయితున్నయ్. మన బడిల ఒక్కటే జట్టు, ఎవలతోటి ఆడాలె?"

దీప్లా నీళ్లు తెచ్చిచ్చాడు. "పొద్దుగాల జరిగింది విన్న అక్కా. మీ బడి పోయిందంట గద. రేపు మీ పిల్లల్ని పంపకున్నా ఏమనుకోం. మా బడీ పోతది, ఏం జేస్తం" అన్నాడు.

సాయమ్మ కళ్లు తుడుచుకుంది. "మాట మాటే తమ్మీ. బదులు బదులే" అంది. అలా అన్నదే గానీ, గట్టు మీద నిత్య చెయ్యి పట్టుకుని తిరిగి వస్తున్నంతసేపూ ఏదో ఆలోచిస్తూనే ఉంది. ఈ గట్టు మీద లారీలు లేవు. మధ్యలో ఒక చిన్న కాలువ, అంతే.

తెల్లారి గూడెం పిల్లలందరూ సాయమ్మ, బీరన్నల వెంట తండా బడికి బయలుదేరారు. బీరన్న పద్ధతి తప్పే మనిషి కాదు, బదులు పోయే పిల్లలకు రంగెయ్యాలి కనుక పదకొండు కాలర్లకూ నీలిరంగు పట్టీలు గీశాడు. ఆ రంగు వానకూ ఎండకూ పోయేది కాదన్న సంగతి ఆయనకు గొర్రెల విషయంలో తెలుసు, అంగీల విషయంలో తట్టలేదు. తండా తల్లులు సబ్బులరిగిపోయేలా ఉతికినా నిన్నటి పట్టీ ఒక్కటీ పోలేదు.

ముఖేష్ సారు తండా బడి గడపలో అడుగుపెట్టి, ఇరవై మూడు మందినీ చూసి, అక్కడే ఆగిపోయాడు.

"మళ్లీనా సాయమ్మా?" అన్నాడు నీరసంగా. "సరే, నాకెందుకు లొల్లి. రంగున్న పిల్లలు అటు నిలబడున్రి, రంగు లేనోళ్లు ఇటు."

ఇరవై మూడు మందీ అటే పోయి నిలబడ్డారు. ఇటు ఒక్క పురుగు లేదు. బీరన్న తల గోక్కున్నాడు. దీప్లా మొహం తిప్పుకుని నవ్వాపుకున్నాడు.

"ఇందుల బదులొచ్చినోళ్లు ఎవలు?" అన్నాడు సారు.

ఈసారి సాయమ్మ తడుముకోలేదు. "బదులోళ్లు లేరు సారూ. ఇయ్యాల మా పిల్లల పేర్లు రాపిచ్చి గీ బడిల శెరీక్ చేస్తున్నం. మా బడికి తాళమేసుకోన్రి. టీచరమ్మ వచ్చింది, కాయితాలు తెచ్చింది. ఇరవై మూడు రాసుకో. అబద్ధమైతే రోజొచ్చి లెక్కబెట్టుకో."

నాగరాణి ముందుకొచ్చి పదకొండు టీసీలు బల్ల మీద పెట్టింది. పొద్దున్నే బస్సు దిగగానే సాయమ్మ ఎదురొచ్చి అవి కావాలంటే ఆమె ఎందుకని కూడా అడగలేదు. ముఖేష్ సారు ఒక్కో కాగితమే చూశాడు. తర్వాత పెన్ను తీశాడు.

"మీ ఊరి బడి పోతది. నీ చైర్మన్‌గిరీ పోతది" అన్నాడు రాయబోతూ. "ఎరికేనా?"

"పోతే పోనీ" అంది సాయమ్మ. అనడం అన్నది గానీ ఒకసారి గట్టు అవతలి గూడెం దిక్కు చూసింది. కొట్లాడి తెచ్చుకున్న బడి అది. సున్నం వేసింది ఆమె, గేటు పెట్టించింది ఆమె.

దీప్లా దగ్గరికొచ్చాడు. "అక్కా, ఇగ మా బడి, మీ బడి అనుడు లేదు. ఒక్కటే బడి, కమిటీ ఒక్కటే. ఈడ గుడ్లు మరీ చిన్నగొస్తున్నయ్. అడిగెటోళ్లు లేరు" అన్నాడు.

"ఎంత చిన్నగ?" అంది సాయమ్మ వెంటనే.

గొడుగు, బీరువా, బక్కెట్ పార్టీలు మూడూ ఆ వారంలోనే, రెండు ఊళ్ల పిల్లల్నీ కలిపింది తమ విద్యా విధానమేనని ప్రకటించుకున్నాయి. కాగితాల మీద మళ్లీ ఆ రెండు జడల పిల్లే నవ్వింది. గూడేనికి వచ్చిన కాగితాలన్నీ సాయమ్మ జాగ్రత్తగా తీసి, తండా బడి వంటగదిలో పొయ్యి అంటించడానికి ఇచ్చింది.

మధ్యాహ్నం బడి వదలగానే గూడెం పిల్లలు పొలం గట్టు మీద వరసగా ఇంటికి నడిచి వస్తుంటారు. అందరి కాలర్ల వెనకా నీలిరంగు పట్టీలే. వాళ్లలో సగం దూరం సాగనంపడానికి వచ్చిన తండా పిల్లలూ ఉంటారు, ఎవరెవరో పోల్చుకోవడం బీరన్నకు కూడా చేతకాదు. నిత్య కనబడేదాకా సాయమ్మ వాకిట్లోనే నిలబడుతుంది. వెనక ఎక్కడో హైవే మీద లారీల మోత వినిపిస్తూనే ఉంటుంది. ఆమె ఇప్పుడు ఆ దిక్కు చూడదు.